చలికాలపు ఓడలో నాతో నడిచినామె

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా ఇంటికి వచ్చిన స్నేహితులెవరైనా భోజనాలయ్యాక అలాంటివి మొదలుపెడితే, నేను లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయేవాణ్ణి. అలాంటి నేనే ఇది రాయడానికి కూర్చున్నానంటే మా వాళ్ళెవరూ నమ్మరు.

నేను మెకానికల్ ఇంజినీర్ని. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం. కార్లలో వచ్చే చప్పుళ్ళకి కారణం వెతకడం నా ఉద్యోగం. డాష్‌బోర్డు వెనక ఎక్కడో టిక్కుటిక్కుమంటుంది, బ్రేకు వేస్తే సన్నగా కీచుమంటుంది. అది ఏ బోల్టు వల్లో, ఏ రబ్బరు ముక్క వల్లో తేలేదాకా వదలం. కారణం లేని చప్పుడు నా సర్వీసులో ఒక్కటి కూడా లేదు. కారణం మాకు దొరకనివి మాత్రం కొన్ని ఉన్నాయి. ఇది కూడా వాటిలో ఒకటని సరిపెట్టుకుందామని చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

మా అమ్మాయి హారిక లండన్‌లో పని చేస్తోంది. ఒక ఏడాది క్రిస్మస్ సెలవులకి నేనూ, నా భార్య మాధవీ దాని దగ్గరికి వెళ్ళాం. వెళ్ళిన కొద్దిరోజులకే నా కుడికంట్లో ఒక పక్కనుంచి నల్లటి తెర దిగుతున్నట్టయింది. రెటీనా ఊడిందన్నారు. వెంటనే ఆపరేషన్ చేసి, అది మళ్ళీ అతుక్కోవడానికి కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. ఆ బుడగ కరిగిపోయేదాకా విమానం ఎక్కకూడదు. పైకి వెళ్తే గ్యాస్ ఉబ్బి కన్ను పోతుంది. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా నా చేతికి ఒక పట్టీ కూడా కట్టారు.

మాధవి మా ఊరి లైబ్రరీలో పని చేస్తుంది. తన సెలవు అయిపోవస్తోంది. నా ఆఫీసులోనూ అంతకన్నా ఆగేలా లేరు. ఏం చేయాలా అని మేం మథనపడుతుంటే హారిక లాప్‌టాప్ ముందు కూర్చుని దారి కనిపెట్టింది.

"నాన్నా, ఫ్లైట్ అయితే నో. కానీ షిప్ ఉంది. సౌథాంప్టన్ టు న్యూయార్క్. వన్ వీక్ అంతే. డాక్టర్‌ని కూడా ఆస్క్ చేశాను, ఓకే అన్నాడు," అంది.

అలా జనవరి నెలలో అట్లాంటిక్ దాటడానికి ఓడ ఎక్కాం. విహారానికి వెళ్ళే ఓడ కాదు. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి మనుషుల్ని చేర్చడానికి కట్టిన పెద్ద ఓడ. ఆ కాలంలో ఎక్కేవాళ్ళు ఎక్కువగా రిటైరైనవాళ్ళు, విమానమంటే భయమున్నవాళ్ళు, నాలాగా ఎక్కకూడనివాళ్ళు.

మాధవికి చలిగాలి పడదు. ఆస్త్మా ఉంది. మిషిగన్‌లో చలికాలం మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళాలన్నా మూతికి స్కార్ఫ్ చుట్టుకుని, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్తుంది. ఓడ ఎక్కిన రోజే చెప్పేసింది.

"మీరు బయట ఎంత తిరుగుతారో తిరగండి. నన్ను మాత్రం పిలవకండి. ఇక్కడ లైబ్రరీ ఉందట, నాకది చాలు."

నాకు డెక్కు మీద తగిలిన మొదటి గాలికే ప్రాణం లేచొచ్చింది. ఆపరేషన్ అయ్యాక చాలా రోజులు తల వంచుకుని, నేల చూస్తూ గడిపాను. అలాంటివాడికి ఒక్కసారిగా అంత ఆకాశం, అంత నీళ్ళు. ఓడ చుట్టూ తిరిగి వచ్చే పొడవాటి చెక్క డెక్కు ఉంది. బరువైన తలుపు భుజంతో నెట్టి బయటికి వస్తే గాలి ముఖం మీద చరిచినట్టు తగిలేది. పెదాలు నాకితే ఉప్పు. ఒకవైపు నడుస్తుంటే గాలి మనల్ని వెనక్కి తోస్తుంది. చివర మలుపు తిరగగానే అదే గాలి వీపు మీద చెయ్యేసి ముందుకు పంపుతుంది. గోడ పక్కన వరసగా చెక్క పడక కుర్చీలు, వాటి మీద కప్పుకోవడానికి ఉన్ని దుప్పట్లు ఉండేవి. దుప్పటి గడ్డం దాకా లాక్కుని వేడి టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటే, ఈ లోకంలో నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

నా కన్ను సంగతి కూడా చెప్పాలి. ఎడమకన్ను బాగానే ఉంది. కుడికంట్లో మాత్రం సగం నీళ్ళు నింపిన సీసాలో గీతలా ఒక గీత ఊగేది. దాని పైన మసకగా కనపడేది, కింద నలుపు. ఉప్పుతుంపర పడుతుందని కళ్ళజోడు గదిలోనే వదిలేసి వచ్చేవాణ్ణి. కాబట్టి నేను చూసినవన్నీ స్పష్టంగా చూశానని అనను. విన్నవి మాత్రం స్పష్టంగానే విన్నాను. వినడం నా వృత్తి.

రెండో రోజు మధ్యాహ్నం నేను నడుస్తుంటే వెనకనుంచి అడుగులు దగ్గరకొచ్చి, నా కుడిపక్కన కలిశాయి. తల తిప్పి చూశాను. మాధవి. మెరూన్ శాలువా తలమీదుగా కప్పుకుంది. కళ్ళూ, ముక్కూ, కాస్త చెంపా కనపడుతున్నాయి. నడక కూడా తనదే. కుడిపాదం కాస్త బయటికి వేసి నడుస్తుంది.

"వచ్చావా? చలిగా లేదూ?" అన్నాను.

"లేదు. నడు," అంది.

"ఇన్‌హేలర్ తెచ్చుకున్నావా?"

"అక్కర్లేదు."

నాకు చాలా సంతోషం వేసింది. మనసు మార్చుకుని నాకోసం వచ్చిందనుకున్నాను. గాలికో ఏమో ముఖం కడిగినట్టు తేటగా ఉంది, పెళ్ళైన కొత్తలో ఉన్నట్టు. ఒక చుట్టు నడిచాం. తర్వాత నేనే అన్నాను, మనం ఇలా నడిచి ఎన్నాళ్ళయిందో అని.

"మనం ఎప్పుడు నడిచాం?" అంది.

మామూలుగా భార్యలు దెప్పినట్టే అనిపించింది. నవ్వాను. తనూ నవ్వింది.

ఇక్కడ ఒక సంగతి. నేనూ మాధవీ రాజమండ్రిలో ఒకే కాలేజీలో చదివాం. అప్పట్లో నన్ను 'నువ్వు' అనేది. పెళ్ళయ్యాక మా అమ్మ ముందు బాగుండదని 'మీరు' మొదలుపెట్టింది. అమ్మ పోయినా ఆ 'మీరు' అలాగే ఉండిపోయింది. ఆ రోజు డెక్కు మీద నన్ను 'నువ్వు' అంది. నేను పాతరోజులు గుర్తొచ్చాయేమో అనుకుని మురిసిపోయాను తప్ప, ఎందుకని అడగలేదు.

లోపలికి వెళ్దామంటే, "నువ్వు వెళ్ళు, నేను ఇంకో చుట్టు తిరుగుతా," అంది. వెళ్ళబోతుంటే ఇంకో మాట కూడా అంది. "ఇక్కడి మాటలు ఇక్కడే. లోపల వద్దు."

నేను ఒప్పుకున్నాను. మా ఇద్దరికీ మాటలు తక్కువ. ఇంట్లో కరెంటు బిల్లు, పాలు, హారిక ఫోను, అంతే. బయట గాలిలో మాట్లాడుకున్నది లోపలికి తెస్తే మళ్ళీ అలా అయిపోతుందని భయపడుతోందేమో అనుకున్నాను. లైబ్రరీలోకి వెళ్తే అక్కడే పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంది. "చలి ఎక్కువగా ఉందా?" అని నన్నే అడిగింది. బాగానే నటిస్తోందని లోపల నవ్వుకున్నాను.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ రోజు మా మొదటి ఇంటి గురించి అడిగింది. నేను అమెరికా వచ్చిన కొత్తలో మిషిగన్‌లో ఉన్న అపార్ట్‌మెంట్.

"ఆ ఇల్లు ఎలా ఉండేదో చెప్పు," అంది.

ఇంటిని వేడిచేసే రేడియేటర్ టకటకలాడేదని, వంటింటి కిటికీ సరిగా మూసుకునేది కాదని, అక్కడ టేపు అంటించామని చెప్పాను. ఎవరో గరాజ్ సేల్‌లో అమ్ముతుంటే పిల్లల మంచం ఒకటి కొని తెచ్చిన సంగతి కూడా చెప్పాను. ఆ మాట నా నోటివెంట వచ్చి ఎన్నో ఏళ్ళయింది.

"ఏ రంగు?" అంది.

"పసుపు. తెల్లగా ఉంటే పసుపు వేశాం కదా."

"నువ్వే వేశావా?"

"నేనే. నీకు వాసన పడదని కింద పార్కింగ్‌లో పెట్టి వేశాను."

తను నా చెయ్యి పట్టుకుంది. ఆ చలిలో తన చెయ్యి వెచ్చగా ఉంది.

ఆ మంచంలో ఎవరూ పడుకోలేదు. హారిక పుట్టడానికి చాలా ముందు మాకు ఒక పాప పుట్టింది. నెలలు నిండుతుండగా కడుపులోనే పోయింది. అది మాకు అమెరికాలో మొదటి చలికాలం. మనవాళ్ళంటూ ఎవరూ దగ్గర లేరు. రాజమండ్రికి ఫోన్ చేయడానికి నేను ఆసుపత్రి కిందికి వెళ్ళాను. కాలింగ్ కార్డు నంబరు నొక్కడం, లైను కలవకపోవడం, మళ్ళీ నొక్కడం. నేను పైకి వచ్చేసరికి అంతా అయిపోయింది. పాపని నేను చూడలేదు. తర్వాతి ఏర్పాట్లన్నీ ఆసుపత్రివాళ్ళకే వదిలేశాం. అప్పుడు మాకు ఏం అడగాలో కూడా తెలియదు.

ఆ తర్వాత దాని గురించి మేం మాట్లాడుకోలేదు. అడిగితే మాధవి బాధపడుతుందని నేను, చెప్తే నేను బాధపడతానని తను. అలా ముప్పై ఏళ్ళు దాటిపోయాయి. హారికకి కూడా చెప్పలేదు.

ఆ మర్నాడు సముద్రం మీద మంచు కురిసింది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. నేల మీద పడితే మంచు నిలుస్తుంది. నీళ్ళ మీద పడి పడి ఏమీ మిగలదు. నేను కుర్చీలో దుప్పటి కప్పుకుని చూస్తూ ఉంటే, తను వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. సముద్రం వైపే చూస్తూ అంది.

"నువ్వు ఫోన్ చేయడానికి కిందికి వెళ్ళినప్పుడు నర్సు పాపని తెచ్చి ఒళ్ళో పెట్టింది. నువ్వొచ్చేలోపే తిరిగి ఇచ్చేయడం కూడా అయిపోయింది."

నాకు ఆ సంగతి తెలియదు. పాపని తనూ చూడలేదనే అనుకుంటూ వచ్చాను.

"జుట్టు ఒత్తుగా ఉంది. చెవులు నీవి," అంది. "పేరు కూడా ఉంది."

"ఏం పేరు?"

"పొగడ."

"పొగడ పువ్వా?"

"ఊఁ. స్కూల్లో ఆ చెట్టుండేదట. ఎండిపోయినా ఆ పువ్వుకి వాసన పోదని."

నేను ఏడ్చాను. అలా ఏడ్చి ఎన్నేళ్ళయిందో. ఆపరేషన్ చేసిన కంటికి మంచిది కాదని కూడా గుర్తు లేదు. తను నా దుప్పటి సర్దింది.

"నువ్వు చూడలేదని బాధపడకు. అందులో నీ తప్పేం లేదు," అంది. లేస్తూ, "ఇంకో మాట ఉంది. రేపు చెప్తా," అంది.

మర్నాడు భోజనాల హాల్లో నేనూ మాధవీ కూర్చుని ఉంటే వాల్టర్ అనే పెద్దాయన మా బల్ల దగ్గరికి వచ్చాడు. వెర్మాంట్‌లో స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాడు. రోజూ డెక్కు మీద నాకు ఎదురుగా వస్తూ, ఎర్రటోపీ తీసి పలకరించేవాడు. నేను నా భార్య అని మాధవిని పరిచయం చేశాను.

ఆయన సంతోషంగా చెయ్యి కలిపి, "మొత్తానికి మిమ్మల్ని కలిశాను. మీ ఆయన్నీ, మీ అమ్మాయినీ రోజూ చూస్తున్నాను. ఆమె భోజనానికి రాలేదా?" అన్నాడు.

"మా అమ్మాయి లండన్‌లో ఉంది. ఇక్కడ మేమిద్దరమే," అంది మాధవి.

ఆయన నావైపు చూశాడు. "మరి మీతో నడిచే ఆమె? ముదురు ఎరుపు శాలువా వేసుకుని. మీ పోలికలున్నాయని నేనే అనుకున్నాను. క్షమించండి," అని, ఇంకేదో మాట మార్చి వెళ్ళిపోయాడు.

మాధవి పెద్దగా పట్టించుకోలేదు. "ఎవరండీ ఆవిడ? ఫ్రెండయ్యారా?" అంది రొట్టె తుంచుకుంటూ. "నాకూ అలాంటి శాలువానే ఉండేది. బయల్దేరే ముందు హారిక బాగుందంటే దానికిచ్చేశా."

"నువ్వు డెక్కు మీదికి రాలేదా?" అన్నాను.

"నేనా? చావడానికా? ఎక్కినప్పట్నుంచీ గడప దాటితే ఒట్టు."

తను అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. ఆడటం లేదు.

ఆ మధ్యాహ్నం నేను డెక్కు మీదికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. ఏదో పొరపాటు జరిగిందని, అది అక్కడే తేలిపోతుందని అనుకున్నాను. గాలి ముదురుతోంది. కుర్చీలన్నీ మడిచి తాళ్ళతో కట్టేస్తున్నారు. నడిచేవాళ్ళు లేరు. డెక్కు చివర, కమ్మీ దగ్గర తను నిలబడి ఉంది. శాలువా అంచు ఎగురుతోంది. నన్ను చూసి చెయ్యి ఎత్తింది, రమ్మన్నట్టు.

నేను ఆగిపోయాను. నిన్నటిదాకా నా చెయ్యి పట్టుకుని నడిచిన మనిషే. నాకు ఏ చెడూ చేయలేదు. అయినా నా కాళ్ళు ముందుకు పడలేదు. నేను వెనక్కి తిరిగాను. తలుపు లాగుతుంటే గాలికి రాలేదు. రెండు చేతులతో లాగాను. అప్పుడు వెనకనుంచి పిలిచింది. నేను తిరిగి చూడలేదు. లోపలికి వచ్చేశాను. తలుపు దానంతట అదే మూసుకుంది.

సాయంత్రానికి తుఫాను అని డెక్కులన్నీ మూసేశారు.

గదిలో మాధవి మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. చెప్పాలా వద్దా అని ఆలోచించే స్థితిలో లేను. తన ఎదురుగా కూర్చుని ఒకటే మాట అడిగాను.

"పొగడ ఎవరు?"

చేతిలో బట్ట అలాగే పట్టుకుని ఉండిపోయింది. తన ముఖంలో రంగు పోవడం నేను ఒంటికన్నుతో కూడా చూడగలిగాను.

"ఎవరు చెప్పారు మీకు?" అంది.

నేను జరిగింది చెప్పాను. తను మధ్యలో ఆపలేదు, ప్రశ్నలు వేయలేదు. అయిపోయాక లేచి బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి. బయటికి వచ్చి, "నేను నిద్రలో మాట్లాడి ఉంటాను. మీరు విని ఉంటారు," అంది. మిగిలిన బట్టలు మడతపెట్టి పడుకుంది.

మర్నాడు కూడా ఓడ ఊగుతూనే ఉంది. మధ్యాహ్నం తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆవిడ ఇంకా ఏం చెప్పింది?"

"అంతా చెప్పానుగా."

"అలా కాదు. ఏ మాట ఎలా అందో అలాగే చెప్పండి. మీ సొంతం కలపకుండా."

నాకు చెవి జ్ఞాపకం ఎక్కువ. అన్నది అన్నట్టే చెప్పాను. నర్సు సంగతి దగ్గర మాధవి తల ఊపింది. నిజమేనంది. "నేనే ఇచ్చేశాను. మీరు వచ్చేదాకా ఉంచుకోమంది నర్సు. మీరు చూస్తే తట్టుకోలేరని ఇచ్చేశాను. అది మీకు ఎలా చెప్పను?" జుట్టు నిజం. చెవులు నిజం. పేరు పెట్టినట్టు ఇంతవరకు వాళ్ళమ్మకి కూడా చెప్పలేదట. పిల్లలకి ఎవరూ పెట్టని పేరు కాబట్టి నవ్వుతారని.

నేను చెట్టు మాట చెప్పాను. "స్కూల్లో ఆ చెట్టుండేదట, ఎండిపోయినా ఆ పువ్వుకి వాసన పోదని."

మాధవి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండేదట అందా? ఉండేది అందా?"

"ఉండేదట."

"సరిగా గుర్తు తెచ్చుకోండి."

"ఉండేదట అనే అంది."

"నా స్కూల్లో చెట్టు గురించి నేను 'అట' అని ఎందుకంటాను?" అంది. "మంచం ఏ రంగని నేనెందుకు అడుగుతాను? ఆ పెయింట్ డబ్బా షాపులో ఏరి తెచ్చింది నేనే."

నాకు అప్పటిదాకా తట్టనే లేదు. తన ముఖం చూస్తే ఏం ఆలోచిస్తోందో అర్థమైంది. వాల్టర్ అన్న మాట, కూతురని, మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. 'మనం ఎప్పుడు నడిచాం' అన్న మాట కూడా. నన్ను 'నువ్వు' అన్న సంగతి. హారిక కూడా నన్ను నువ్వనే అంటుంది. కూతుళ్ళందరూ తండ్రిని అలాగే అంటారు.

పాప బతికి ఉంటే ముప్పై దాటిన మనిషి. వాళ్ళమ్మ ఆ వయసులో ఎలా ఉండేదో అలా ఉండేదేమో.

"మీరు లోపలికి వచ్చేస్తుంటే పిలిచిందన్నారు కదా. ఏమని పిలిచింది?" అంది మాధవి.

"గాలిలో సరిగా వినపడలేదు."

"ఏదో ఒకటి వినే ఉంటారు. మీరు వినకుండా ఉండరు."

"రెండక్షరాలు," అన్నాను. "అంతకన్నా చెప్పలేను."

మాధవి తల నా భుజానికి ఆనించింది. ఇద్దరం అలా కూర్చుని ఉన్నాం. బయట అలలు గుండ్రటి కిటికీ అద్దం దాకా లేస్తున్నాయి.

న్యూయార్క్ చేరే రోజు పొద్దున్నే డెక్కు తెరిచారు. గాలి తగ్గింది కానీ చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. మాధవి మూతికి రెండు స్కార్ఫులు చుట్టుకుని, "పదండి, ఎక్కడో చూపించండి," అంది. వద్దంటే వినలేదు. సగం చుట్టు తిరిగేసరికి దగ్గు మొదలైంది. ఆగి ఇన్‌హేలర్ పీల్చుకుని మళ్ళీ నడిచింది. తాళ్ళు విప్పి కుర్చీలు మళ్ళీ పరుస్తున్నారు. నేను ఆ రెండు కుర్చీలూ ఉన్న చోటు చూపించాను. మాధవి ఒకదాంట్లో కూర్చుంది. పక్క కుర్చీ మీద చెయ్యేసి ఉంచింది. వంతెన దీపాలు, ఊరి దీపాలు దగ్గరవుతుంటే అందరూ ఫోటోల కోసం ముందు వైపుకి పోయారు. మా వైపు ఎవరూ లేరు. ఎవరూ రాలేదు.

"ఇంకాసేపు ఎత్తుకుని ఉండాల్సింది," అంది మాధవి సముద్రం వైపు చూస్తూ. నాతో అనలేదు.

ఆ వేసవిలో హారిక ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చినప్పుడు భోజనాల దగ్గర మాధవే చెప్పింది. ఓడ సంగతి కాదు. పాప సంగతి. హారిక గరిటె పక్కన పెట్టేసింది.

"నాకు అక్క ఉందా? యు నెవర్ టోల్డ్ మీ," అంది. కోపంగా కాదు. తర్వాత అడిగింది, "నేమ్ ఏంటి?"

"పొగడ."

"పోగడా?"

"పో కాదు. పొ. పొగడ."

హారిక సరిగా వచ్చేదాకా అనుకుంటూనే ఉంది. ఆ పేరు మా ఇంట్లో పైకి అన్నది అదే మొదలు. ఇప్పుడు ఫోన్లో కూడా అప్పుడప్పుడు అక్క ఉండి ఉంటే అంటూ ఏదో ఒకటి అంటుంది. శాలువా గురించి మాత్రం నేను విడిగా అడిగాను. మేం ఓడలో ఉన్నన్నాళ్ళూ అది తన గదిలో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూనే ఉందట.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. కంట్లో బుడగ ఉంటే లేనివి కనపడతాయా అని మా డాక్టర్ని అడిగాను. నీడలు కనపడొచ్చు, మనుషులు కనపడరు అన్నాడు. ఆపరేషన్ మందులు అనుకుందామంటే వాల్టర్ ఏ మందులూ వేసుకోలేదు. ఇంకెవరో తెలుగమ్మాయి ఆటపట్టించిందనుకుంటే, ఆ ఓడలో భారతీయులే చాలా తక్కువ. భోజనాల హాల్లో అలాంటి మనిషి ఒక్కసారి కూడా కనపడలేదు. నిద్రలో మాధవి మాట్లాడి ఉంటుందనుకుంటే, నిద్రలో ఎవరూ పసుపు రంగు మంచం గురించి నన్ను ఎదురు అడగరు. ఒక్కో కారణం ఒక్కో దానికి సరిపోతుంది. అన్నిటికీ కలిపి సరిపోయేది ఒక్కటీ దొరకలేదు. ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్ముతానని అనలేను. తనని ఆ మాటతో పిలవడానికి నాకు నోరు రాదు.

నన్ను పట్టుకుని వదలనిది ఇదేదీ కాదు. ఇంకో మాట ఉంది, రేపు చెప్తానంది. అదేమై ఉంటుందని మాధవిని ఎన్నోసార్లు అడిగాను. తన మనసులో చెప్పకుండా మిగిలింది ఇంకేమీ లేదంటుంది. మరైతే అది పాప సొంత మాటే అయి ఉంటుంది.

పోయిన చలికాలం, ఒక ఆదివారం టీ తాగుతూ, ఆ ఓడ మళ్ళీ ఎక్కుదామా అని అడిగాను.

మాధవి కప్పు దించింది. "ఎక్కొచ్చు. మనం పిలిస్తే వస్తుందా?" అంది.

రాదనే నాకూ తెలుసు. తను పిలిచిన రోజున నేను వెళ్ళలేదు.